విదేశీ విద్య: వెళ్లే దారితో పాటు తిరుగు దారి

షోలాపూర్ నగరపు తూర్పు భాగంలో అశోక్ చౌక్, కన్నా చౌక్, సాఖర్ పేట, దత్త నగర్ ప్రాంతాల వీధులలో నడిచే వారికి రెండు శబ్దాలు వినిపిస్తాయి. ఒకటి మరమగ్గాల చప్పుడు. రెండవది గుమ్మాల వద్ద కూర్చొని చేటలో ఆకు, పొగాకు పెట్టుకొని బీడీలు చుట్టే స్త్రీల తెలుగు మాట. దుప్పట్లకు, తువాళ్లకు పేరు పొందిన ఈ వాడలలో ఇటీవలి కాలంలో ఒక కొత్త మాట కూడా చేరింది. ఎవరి అబ్బాయి ఏ దేశంలో వైద్యం చదువుతున్నాడు, ఎవరి అమ్మాయికి ఏ దేశపు వీసా వచ్చింది అన్నదే ఆ మాట.

దూరదేశం వెళ్లడం ఈ ఊరికి కొత్త కాదు. 1938లో చైనాకు వెళ్లిన భారతీయ వైద్య బృందంలోని డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ ఈ ఊరి బిడ్డయే. ఇక నేతవాడల వారి సంగతి చెప్పనే అవసరం లేదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల నుంచి మూటాముల్లె సర్దుకొని మిల్లులను, మగ్గాలను వెతుక్కుంటూ వచ్చిన వారి సంతతియే వీరు. అయితే ఆనాటి వలసకు ఒక రక్ష ఉండేది. ముందుగా వచ్చి స్థిరపడిన మేనమామో, బావమరిదో ఇక్కడ ఉండేవాడు. వచ్చినవాడు ఎక్కడ దిగాలో, ఎవరి ఇంట అన్నం తినాలో, పని కుదరకపోతే ఏ బండి ఎక్కి తిరిగి వెళ్లాలో ముందే తెలిసి ఉండేది.

నేడు విదేశానికి వెళ్లే విద్యార్థికి ఆ మేనమామ లేడు. ఆ స్థానంలో ఏజెంటు ఉన్నాడు. మేనమామకు పిల్లవాడి క్షేమం ముఖ్యం. ఏజెంటుకు సీటు నిండడం ముఖ్యం. ఈ తేడాను గుర్తించి, ఆనాటి వలసలో బంధువు చూసుకొన్న పనులను నేడు కుటుంబమే చూసుకోవలసి ఉన్నది. పత్రాలు, డబ్బు, దిగే చోటు, అన్నిటికీ మించి తిరిగి వచ్చే దారి అనే నాలుగింటినీ బయలుదేరక ముందే సిద్ధం చేసుకొన్న విద్యార్థి సగం ఆపదలను దాటినట్లే.

పేరులో ఒక్క అక్షరం

మహారాష్ట్రలో పెరిగిన తెలుగు పిల్లలకు మొదటి చిక్కు వారి పేరులోనే ఉన్నది. తెలుగువారు ఆంగ్లంలో 'శ్రీ' అని రాసేటప్పుడు ఎస్, ఆర్, ఐ అక్షరాలు వాడతారు. మరాఠీ కార్యాలయాలలో ఎస్ తరువాత హెచ్ చేర్చి రాయడం పరిపాటి. 'లక్ష్మి'ని ఒకచోట కె, ఎస్, హెచ్ అక్షరాలతోను, మరొకచోట ఎక్స్ అక్షరంతోను రాస్తారు. బడి దాఖలాలో ఇంటిపేరు ముందు, తన పేరు తరువాత, తండ్రి పేరు చివర ఉంటుంది. ఆధార్ కార్డులో ఆ వరుస మారుతుంది. తాతగారి ఊరిలో ఉన్న భూమి కాగితాలలో మరొక విధంగా ఉంటుంది.

ఇంటి వద్ద ఇది నవ్వుకొని వదిలే విషయం. విదేశీ విమానాశ్రయంలో మాత్రం పాస్‌పోర్టులో ఉన్న వ్యక్తి, మార్కుల పత్రంలో ఉన్న వ్యక్తి ఒక్కరేనా అనే ప్రశ్నగా మారుతుంది. కాబట్టి పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయక ముందే పదవ తరగతి ధ్రువపత్రం, బడి దాఖలా, జనన ధ్రువపత్రం, ఆధార్ కార్డు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడాలి. తేడా ఉంటే ఆధార్‌ను సరిచేయించడం సులభం. పేరే మార్చవలసి వస్తే రాష్ట్ర ప్రభుత్వ గెజెట్‌లో ప్రకటన వేయించవలసి ఉంటుంది. దానికి కాలం పడుతుంది. కనుక పన్నెండవ తరగతి ఫలితాల కొరకు ఎదురుచూడక, పదకొండవ తరగతిలోనే ఈ పని ముగించుకోవడం మేలు.

పాస్‌పోర్టు చేతికి వచ్చిన తరువాత అది విద్యార్థి వద్దనే ఉండాలి. వీసా ముద్ర కొరకు ఇవ్వవలసి వచ్చినప్పుడు రసీదు తీసుకోవాలి. మిగిలిన డబ్బు కట్టేవరకు పాస్‌పోర్టు తమ వద్దనే ఉంచుకొంటామనే ఏజెంటుతో అక్కడికక్కడే లావాదేవీ ముగించాలి. పాస్‌పోర్టు భారత ప్రభుత్వపు ఆస్తి. దానిని తాకట్టుగా పట్టుకొనే హక్కు ఏ ఏజెంటుకూ లేదు.

కళాశాల నిజంగా ఉన్నదా?

మోసపోవడం చదువురాని వారికే జరుగుతుందనే భ్రమ కొందరిలో ఉన్నది. తెలుగువారి అనుభవం వేరు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయంపై 2011 జనవరిలో అక్కడి అధికారులు దాడి చేశారు. అందులో పేరు నమోదు చేసుకొన్న సుమారు 1,500 మందిలో అత్యధికులు భారతీయులు. వారిలో అనేకులు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఇంజనీరింగ్ పట్టభద్రులు. సగానికి పైగా విద్యార్థులు ఒకే ఇంటి చిరునామాలో నివసిస్తున్నట్లు ఆ సంస్థ లెక్కలలో చూపింది. కొందరు విద్యార్థుల కాళ్లకు కదలికలను కనిపెట్టే రేడియో పట్టీలు తగిలించారు. ఆ విషయమై భారత ప్రభుత్వం అభ్యంతరం తెలిపింది. సంస్థ అధిపతికి 2014లో 16 సంవత్సరాలకు పైగా కారాగార శిక్ష పడింది. విద్యార్థుల సొమ్ము, కాలం మాత్రం తిరిగి రాలేదు.

ఎనిమిదేళ్ల తరువాత, 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం ఉదంతం బయటపడింది. ఈసారి ఆ విశ్వవిద్యాలయాన్ని నడిపినది అమెరికా ప్రభుత్వపు వలస విభాగమే. దొంగ ప్రవేశాలను పట్టుకొనేందుకు వారు పెట్టిన ఆ సంస్థలో తరగతులు లేవు, అధ్యాపకులు లేరు. మొదటి విడతలోనే సుమారు 130 మంది విద్యార్థులు నిర్బంధానికి గురయ్యారు. వారిలో తెలుగువారు చాలామంది ఉన్నారు. విద్యార్థులను చేర్పించిన దళారులపైన కూడా కేసులు పెట్టారు.

ఈ రెండు సంస్థలూ అమెరికా ప్రభుత్వపు అనుమతి జాబితాలో కనిపించినవే. కాబట్టి జాబితాలో పేరు ఉండటం అవసరమే గాని, అదొక్కటే చాలదు. మరికొన్ని ప్రశ్నలు అడగాలి. తరగతులు వారానికి ఎన్ని రోజులు? హాజరు ఎవరు తీసుకొంటారు? గత సంవత్సరం చదువు ముగించిన వారు ఎక్కడ ఉన్నారు? వారిలో ఏజెంటు చూపిన వారితోనే గాక, కుటుంబం స్వయంగా వెతికి పట్టుకొన్న ఒక్కరితోనైనా మాట్లాడాలి. తరగతికి వెళ్లకుండానే ఉద్యోగం చేసుకోవచ్చునని ఎవరైనా ఆశ పెడితే, అది అవకాశం కాదు, ఉచ్చు.

వైద్య విద్యకు వెళ్లేవారు మరింత జాగ్రత్త వహించాలి. నీట్ పరీక్షలో అర్హత లేనిదే విదేశీ వైద్య పట్టా ఇక్కడ పనికిరాదు. 2021 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ విధించిన నియమాల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి. బోధన ఆంగ్లంలో జరగాలి. తిరిగి వచ్చిన తరువాత అర్హత పరీక్ష నెగ్గాలి. 'అక్కడి పట్టా తెస్తే చాలు, ఇక్కడ ఆసుపత్రి తెరవవచ్చు' అని చెప్పే ఏజెంటుకు ఈ నాలుగు నియమాలూ చదివి వినిపించి, సమాధానం రాతపూర్వకంగా ఇవ్వమనాలి.

ఫీజు విషయంలో ఒకే నియమం చాలును. డబ్బు బ్యాంకు ద్వారా నేరుగా కళాశాల ఖాతాకు వెళ్లాలి. ఏజెంటుకు ఇచ్చేది అతని రుసుము మాత్రమే, దానికీ రసీదు ఉండాలి. మగ్గాలు తాకట్టు పెట్టి, భిశీ ఎత్తి, పుస్తె తీసి ఇచ్చిన సొమ్ముకు కాగితం లేకపోతే రేపు పోలీసు ఠాణాలోనూ మాట చెల్లదు.

పార్ట్ టైమ్ పని చేసి అప్పు తీర్చవచ్చునన్న లెక్క కూడా ప్రమాదకరమైనదే. అమెరికాలో విద్యార్థి వీసాపై ఉన్నవారు చదువు కాలంలో వారానికి 20 గంటలకు మించకుండా, అదీ విద్యాసంస్థ ఆవరణలోనే పని చేయవచ్చు. ఆస్ట్రేలియాలో 2023 జూలై నుంచి రెండు వారాలకు 48 గంటల పరిమితి ఉన్నది. ఈ గంటలు తిండి ఖర్చుకు కొంత ఆసరా కావచ్చు గాని, ఫీజు తీర్చలేవు. పరిమితి దాటి రహస్యంగా పని చేసేవాడు యజమాని జీతం ఎగగొట్టినా ఫిర్యాదు చేయలేడు.

చదువు పేరిట మరొక పని అంటగట్టే వారూ ఉన్నారు. 2024లో కొందరు భారతీయ యువకులు రష్యా వెళ్లి యుద్ధభూమికి చేరిన సంగతి వెలుగులోకి వచ్చింది. భద్రతా సిబ్బంది, సహాయకుల ఉద్యోగాలని నమ్మి వెళ్లినవారు కొందరు, అంతగా పేరులేని ప్రైవేటు విశ్వవిద్యాలయాలలో సీటు అని నమ్మి వెళ్లినవారు మరికొందరు. హైదరాబాదుకు చెందిన ఒక యువకుడు అక్కడ ప్రాణం కోల్పోయాడు. తనకు రాని భాషలో ఉన్న ఏ కాగితంపైనా సంతకం చేయకూడదన్నది ఈ ఉదంతం నేర్పిన పాఠం.

ఆ తొమ్మిది రోజులు

యుక్రెయిన్ యుద్ధం 2022 ఫిబ్రవరి 24న మొదలైంది. అందుకు తొమ్మిది రోజుల ముందే, ఫిబ్రవరి 15న, అక్కడి భారత రాయబార కార్యాలయం ఒక సూచన విడుదల చేసింది. ఉండవలసిన అవసరం లేనివారు, ముఖ్యంగా విద్యార్థులు, తాత్కాలికంగా దేశం విడిచి వెళ్లాలన్నది దాని సారాంశం. 20వ తేదీన మరల చెప్పింది. ఆన్‌లైన్ తరగతులపై విశ్వవిద్యాలయాల నిర్ణయం కొరకు వేచి ఉండక బయలుదేరమని 22వ తేదీన ఇంకొకసారి చెప్పింది. 24 ఉదయానికి గగనతలం మూతపడింది.

ఆ తొమ్మిది రోజులలో వేలాది విద్యార్థులు ఎందుకు కదలలేదు? వారు మూర్ఖులు కారు. హాజరు తగ్గితే సంవత్సరం పోతుందన్న భయం ఒకటి. విమాన టికెట్టు ధర పెరిగిపోవడం మరొకటి. వీటన్నిటి వెనుక పైకి చెప్పని ఒక భయం ఉన్నది. అప్పు చేసి పంపిన నాన్నకు ఏ ముఖంతో ఫోన్ చేసి, వచ్చేస్తాను అని చెప్పడం?

ఆపరేషన్ గంగా పేరిట భారత ప్రభుత్వం సుమారు 22,500 మందిని వెనుకకు తీసుకొని వచ్చింది. కాని విమానాలు ఎగిరింది పొరుగు దేశాల నుంచి. సరిహద్దు వరకు చేరుకోవడం విద్యార్థుల వంతే అయింది. గడ్డకట్టే చలిలో మైళ్ల కొద్దీ నడిచినవారు, రైలు ఎక్కలేక ప్లాట్‌ఫారంపై రాత్రులు గడిపినవారు ఎందరో. సుమీ నగరంలో చిక్కుకొన్న దాదాపు 700 మంది విద్యార్థులు మార్చి 8న గాని బయటపడలేదు. ఖార్కివ్‌లో ఆహారం కొరకు బయటకు వచ్చిన కర్ణాటక విద్యార్థి ఒకరు మార్చి 1న మరణించారు.

తిరిగి రావడంతో చదువు ముగిసిపోయిందా అంటే, పూర్తిగా కాదు. ఇక్కడి కళాశాలలలో చేర్చుకొనే వీలు ఇవ్వలేదన్నది నిజం. అయితే ఇతర దేశాల విశ్వవిద్యాలయాలలో తాత్కాలికంగా చదువు కొనసాగించేందుకు అభ్యంతరం లేదని 2022 సెప్టెంబరులో వైద్య కమిషన్ తెలిపింది. పోయిన సంవత్సరానికి ఏదో ఒక దారి దొరుకుతుంది. పోయిన ప్రాణానికి దొరకదు.

2024 మే 17 రాత్రి కిర్గిజిస్తాన్ రాజధాని బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల వసతి గృహాలపై అల్లరి మూకలు దాడి చేశాయి. అప్పుడు రాయబార కార్యాలయం ఇచ్చిన సూచన వేరు. గది దాటి బయటకు రావద్దు అన్నది. అంటే ఒకసారి వెంటనే కదలడం రక్ష, ఒకసారి కదలకపోవడం రక్ష. ఏది ఎప్పుడో నిర్ణయించేది వాట్సాప్ వదంతి కారాదు, అధికారిక సూచన కావాలి. అందుకే విదేశం చేరిన వారం లోపల భారత రాయబార కార్యాలయంలో పేరు, చిరునామా, ఫోన్ నంబరు నమోదు చేసుకోవడం అత్యవసరం. 2015లో ప్రారంభమైన మదద్ వెబ్‌సైటులోను ఈ నమోదు చేసుకొనే వీలున్నది. దీనికి రుసుము లేదు.

ప్రయాణం, మొదటి వారం

సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ముంబయి చేరే విద్యార్థి చేతి సంచిలో పాస్‌పోర్టు, ప్రవేశ పత్రం, ఫీజు రసీదు, వసతి చిరునామా, బీమా పత్రం ఉండాలి. పెద్ద పెట్టెలో వేయరాదు, పెట్టె తప్పిపోవచ్చు. వీటి నకళ్లు ఒక జత పెట్టెలోను, ఒక జత ఇంటిలోను ఉంచాలి. విదేశంలో పాస్‌పోర్టు పోతే స్థానిక పోలీసులకు ఫిర్యాదు చేసి, ఆ కాగితంతో రాయబార కార్యాలయానికి వెళితే స్వదేశానికి తిరిగి వచ్చేందుకు అత్యవసర ధ్రువపత్రం ఇస్తారు. ఆ వేళ నకలు ఉంటే పని త్వరగా జరుగుతుంది.

విమానాశ్రయంలో ఎవరైనా బతిమాలి ఇచ్చిన పొట్లాన్ని పుచ్చుకోరాదు. మన వాడవారే ఇచ్చినా విప్పి చూసి మరీ తీసుకోవాలి. అందులో ఏమున్నా చట్టం ముందు బాధ్యుడు మోసినవాడే. మందులు తీసుకొని వెళితే వైద్యుని చీటీ ఆంగ్లంలో ఉండాలి. ఇక్కడ మందుల దుకాణంలో దొరికే కొన్ని నొప్పి బిళ్లలు, దగ్గు మందులు కొన్ని దేశాలలో మత్తు పదార్థాల కింద లెక్క. తల్లి ఆప్యాయంగా కట్టి ఇచ్చిన కడక్ భాకరి, షేంగా చట్నీ కూడా ఆస్ట్రేలియా వంటి దేశాలలో దిగేటప్పుడు ప్రకటన పత్రంలో రాయాలి. రాసినందువల్ల వచ్చే నష్టం, మహా అయితే చట్నీ పోవడమే. దాచి పట్టుబడితే జరిమానా.

చేరిన రోజుననే మూడు పనులు నేర్చుకోవాలి. అత్యవసర నంబరు మొదటిది. యూరప్ దేశాలలోను, రష్యాలోను 112, అమెరికాలో 911, ఆస్ట్రేలియాలో మూడు సున్నాలు. వసతి గృహం చిరునామాను అక్కడి భాషలో కాగితంపై రాయించుకోవడం రెండవది. సమీపంలోని ఆసుపత్రి, బీమా చెల్లే పద్ధతి తెలుసుకోవడం మూడవది.

యుద్ధాల కంటే సామాన్యమైన ఆపద మరొకటి ఉన్నది, అది నీరు. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లో తుమ్మెల్ నది వద్ద ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఇద్దరు విద్యార్థులు, అదే సంవత్సరం జూన్‌లో రష్యాలోని వోల్ఖోవ్ నదిలో మహారాష్ట్రకు చెందిన నలుగురు వైద్య విద్యార్థులు మునిగి మరణించారు. చలి దేశాల నదులలో నీరు వేసవిలోనూ మంచులా ఉంటుంది. ఈత వచ్చినవాడి ఒళ్లు కూడా నిమిషాలలో కొయ్యబారుతుంది. నది గట్టున ఫోటో తీసుకోవచ్చు గాని, నీటిలో దిగరాదు. ఎండాకాలంలో నీటి కొరతకు అలవాటు పడిన మన ప్రాంతపు పిల్లలకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పి పంపాలి.

ఇంటి వద్ద ఉన్నవారి జాగ్రత్త

ఆపద విద్యార్థికే కాదు, ఇక్కడ ఉన్న తల్లిదండ్రులకూ వస్తుంది. 'మీ అబ్బాయిని పోలీసులు పట్టుకొన్నారు, వెంటనే ఇంత పంపండి' అని ఫోన్ చేసే మోసగాళ్లు పెరిగారు. కంప్యూటర్ సహాయంతో పిల్లవాడి గొంతును కూడా అనుకరించగలుగుతున్నారు. దీనికి విరుగుడు సులభమైనది. బయలుదేరే ముందు ఇంటివారు ఒక గుర్తు మాట నిర్ణయించుకోవాలి. చిన్ననాటి ముద్దుపేరో, అమ్మమ్మ ఊరిలోని బావి పేరో కావచ్చు. ఫోనులో ఏడ్చేవాడు ఆ మాట చెప్పలేకపోతే అతడు మన బిడ్డ కాడు. ఫోన్ పెట్టివేసి బిడ్డ నంబరుకు తామే ఫోన్ చేయాలి. డబ్బు పోయినట్లయితే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి. బ్రిటిష్ వారు సైనిక శాసనం విధించిన సంవత్సరంగా 1930 షోలాపూర్ వారికి మరపురానిదే. ఆ అంకె గుర్తుంచుకోవడం కష్టం కాదు.

వారానికి రెండుసార్లు నిర్ణీత సమయంలో మాట్లాడే అలవాటు పెట్టుకోవాలి. మగ్గం ఆపిన వేళయో, బీడీల లెక్క అప్పగించి వచ్చిన వేళయో, ఏదైనా సరే ఒకటే వేళ ఉండాలి. ఆ వేళకు ఫోన్ రాకపోతే ఎవరిని అడగాలో తెలియాలి. గదిలో తోడుండే ఇద్దరి నంబర్లు, కళాశాల విదేశీ విద్యార్థుల కార్యాలయపు నంబరు గోడ క్యాలెండరుపై రాసి ఉంచాలి. కష్టకాలంలో చేతిలో పైసా లేని భారతీయులను ఆదుకొనేందుకు 2009 నుంచి రాయబార కార్యాలయాలలో సంక్షేమ నిధి ఒకటి ఉన్నది. అడగడం నామోషీ కాదు.

బయలుదేరే ముందు రాత్రి

మార్కండేయ స్వామి గుడిలో మొక్కు తీర్చుకొని, బంధువులు వచ్చి వెళ్లిన తరువాత, పెట్టెలు కట్టిన గదిలో తల్లిదండ్రులు బిడ్డతో ఒక్క విషయం మాట్లాడాలి. తిరుగు టికెట్టుకు సరిపడే సొమ్ము వేరుగా ఖాతాలో వేసి ఉంచినామని, దానిని ఫీజుకు గాని ఫోనుకు గాని ముట్టవద్దని చెప్పాలి. అంత సొమ్ము చేతిలో లేనివారు ఎవరి వద్ద తెచ్చేదీ ముందే మాట్లాడి ఉంచుకోవాలి.

ఆ తరువాత చెప్పవలసిన మాట ఇంకా ముఖ్యమైనది. అప్పు మాది, అది నీ ప్రాణం కంటే పెద్దది కాదు, వచ్చేయాలని అనిపించిన రోజున డబ్బు గురించి అడగక బయలుదేరు అన్నదే ఆ మాట. యుక్రెయిన్‌లో తొమ్మిది రోజులు వృథా అయినది ఈ ఒక్క మాట ముందుగా చెప్పి ఉండకపోవడం వల్లనే అనలేము. కాని విని వెళ్లిన బిడ్డ టికెట్టు కొనడానికి ఒక రోజు ముందుగా సాహసిస్తాడు. ఆ ఒక్క రోజు చాలును.

తాతలు పల్లె విడిచి వచ్చినప్పుడు ఇంటి తాళంచెవి పొరుగువారికి ఇచ్చి వచ్చేవారు. పని కుదరకపోతే ఆ తలుపు తెరిచే ఉంటుందన్న ధైర్యంతోనే వారు కొత్త ఊరిలో నిలదొక్కుకొన్నారు. నేడు విమానమెక్కే మనుమలకు, మనుమరాండ్రకు కావలసినదీ ఆ ధైర్యమే.